ముందు వినండి



కౌన్సిలర్ అంటే తీర్పు చెప్పే పెద్దమనిషి అని మనలో చాలామంది అనుకుంటాం. కార్ల్ రోజర్స్ అనుభవం ఈ అభిప్రాయాన్ని సరిదిద్దుతుంది.

ఆయన 1902లో అమెరికాలో, భక్తిగల ప్రొటెస్టంటు కుటుంబంలో జన్మించారు. మొదట వ్యవసాయశాస్త్రం, తరువాత చరిత్ర చదివారు. న్యూయార్కులో సెమినరీలో చేరి, రెండేళ్లకు మనస్తత్వశాస్త్రం వైపు మళ్లారు. రోచెస్టర్ నగరంలో 12 ఏళ్లు పిల్లల సమస్యలపై పనిచేశారు.

అక్కడి సంగతి ఒకటి ఆయనే రాశారు. ఒక అల్లరి కుర్రవాని తల్లికి, ఆమె నిరాదరణే దానికి మూలమని గ్రహింపజేయాలని ఎంతో ప్రయత్నించారు. ఫలితం లేక, ఇక ఆపుదామన్నారు. ఆమె సరేనని గుమ్మందాకా వెళ్లి, వెనుదిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సిలింగ్ చేస్తారా అని అడిగింది. మళ్లీ కూర్చుని, తన కాపురంలోని వేదనంతా వెళ్లబోసుకుంది. ఈసారి ఆయన విన్నారు. చివరకు తల్లికీ కొడుక్కీ మేలు జరిగింది.

నొప్పి ఎక్కడుందో బాధపడేవారికే తెలుసునని ఆయన నేర్చుకున్నారు. ఎదుటివారి స్థానంలో నిలిచి అర్థం చేసుకోవడం, షరతులు లేకుండా ఆదరించడం, కపటం లేకుండా ఉండటం - ఈ మూడే ఆయన పద్ధతికి పునాదులు. అంటే తప్పును ఒప్పనడం కాదు. తప్పు చేసిన మనిషిని తోసివేయకపోవడం.

ఈ వారం అభ్యాసం: దంపతులకు మాట పట్టింపు వచ్చినప్పుడు ఆయన సూచించిన నియమం పాటించండి. ఎదుటివారి మాటను, మనసును వారు 'అవును, అదే' అనేలా తిరిగి చెప్పిన తరువాతే మీ మాట చెప్పండి. అయితే కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఈ అభ్యాసం చాలదు. అక్కడ ముందు కావలసింది రక్షణ.