కొండచరియ మీది విడిది

ఏజియన్ సముద్రంలో నెలవంక ఆకృతిలో కనిపించే గ్రీకు ద్వీపం సాంతోరిని. దీనికి థీరా అనే ప్రాచీన నామం కూడా ఉంది. క్రీస్తుకు పూర్వం 1600 ప్రాంతంలో ఇక్కడి అగ్నిపర్వతం మహోగ్రంగా బద్దలైంది. ద్వీప మధ్యభాగం కుంగిపోగా సముద్రజలం అందులోకి చొచ్చుకువచ్చింది. మిగిలిన అంచులు కొన్నిచోట్ల 300 మీటర్ల ఎత్తున నిట్టనిలువు కొండగోడలై నిలిచాయి. ఆ గోడకు ఉత్తరపు కొసన తెల్లని గూళ్ల వరుసలా అమరిన గ్రామమే ఈయా. ఆంగ్ల లిపిలో చూచినవారు దీనిని ‘ఓయా’ అని చదవడం కద్దు. స్థానికుల ఉచ్చారణ మాత్రం ఈయా.

నేడు ఈ గ్రామం లోకప్రసిద్ధి చెందినది సూర్యాస్తమయ శోభ వలన, బొటిక్ హోటళ్ల వలన. బొటిక్ హోటల్ అంటే వందలాది గదుల మహాభవనం కాదు. గదులు తక్కువగానే ఉంటాయి. ఒక గది మరొక గదిని పోలి ఉండదు. 1984లో న్యూయార్కులో వెలసిన మోర్గన్స్ అనే హోటలు ఈ పేరు వ్యాప్తికి కారణమని చెబుతారు. అక్కడ వాస్తుశిల్పులు బుద్ధిపూర్వకంగా కల్పించిన వైవిధ్యం ఈయాలో సహజంగానే ఉంది. ఎందుకంటే ఈ గదులలో చాలావాటిని హోటలు కోసం ఎవరూ కట్టలేదు. అవి ఒకనాటి పేద నావికుల ఇళ్లు.

ఈ ఇళ్ల నిర్మాణం ప్రత్యేకమైనది. అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడింది. గునపంతో తవ్వితే తెగేంత మెత్తన, తవ్విన తరువాత కూలకుండా నిలిచేంత గట్టితనం దాని గుణాలు. ద్వీపంలో పెద్ద చెట్లు లేవు కనుక దూలాలకు కలప దొరకదు. అందుచేత జనం కొండచరియలోకే తవ్వుకుపోయి, ముందుభాగాన కమాను కప్పు కట్టుకున్నారు. బూడిదమట్టిని సున్నంతో కలిపితే నీటిలోనూ గట్టిపడే అడుసు తయారవుతుంది. మన పాత కట్టడాలకు గానుగ సున్నం ఎలాంటిదో ఆ ద్వీపానికి ఈ అడుసు అలాంటిది. 1859–1869 మధ్య సూయజ్ కాలువ నిర్మాణానికి ఈ మట్టి ఓడలకొద్దీ ఎగుమతి అయింది.

ఇంటి ముఖం ఇరుకు, లోపలి భాగం పొడవు. ముందుగోడకు ఒక తలుపు, దానికి ఇరువైపులా రెండు కిటికీలు, తలుపు నెత్తిన మరొక చిన్న కిటికీ. లోపలి అడ్డుగోడకు కూడా అదే అమరిక ఉండడం వలన వెనుక గదికి వెలుతురు చేరుతుంది. వేసవిలో చల్లదనం, శీతకాలంలో వెచ్చదనం గుహకు సహజ లక్షణాలు. క్రింది ఇంటి కప్పు మీది ఇంటికి ముంగిలి. నదులు లేని ఆ ద్వీపంలో వాననీటి ప్రతి చుక్కా విలువైనదే. సున్నం కొట్టిన కప్పుల మీద పడిన నీరు జారి నేలలో తొలిచిన తొట్టెలలో చేరేది. ఆ తొట్టె ఎండిందంటే ఇల్లాలికి కష్టకాలమే.

పందొమ్మిదో శతాబ్ది చివర ఈయా సంపన్న నౌకాగ్రామం. ఇక్కడివారి తెరచాప ఓడలు అలెగ్జాండ్రియా, రష్యా రేవుల దాకా వెళ్లేవి. ఓడల యజమానులు, కప్తానులు కొండ నెత్తిన చదునైన చోట మేడలు కట్టుకున్నారు. కప్తాను మేడ పైన, కళాసి గుహ క్రింద. హోదాల తేడా ఊరి వాలులోనే కనిపించేది. ఆవిరి ఓడలు రాగానే తెరచాపల కాలం ముగిసింది. 1956 జూలై 9న 7.5కు పైబడిన తీవ్రతతో వచ్చిన భూకంపం ద్వీపంలో యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది. వేలాది ఇళ్లు దెబ్బతిన్నాయి. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఎందరో ఏథెన్సు చేరారు. ఈయా దాదాపు పాడుపడింది.

పాడుపడిన ఊరిని నిలబెట్టినది ప్రభుత్వం. 1970ల నడిమి కాలం నుండి గ్రీకు జాతీయ పర్యాటక సంస్థ సంప్రదాయ గ్రామాల పునరుద్ధరణకు పూనుకొంది. ఈయాలో శిథిల గృహాలను యజమానులతో ఒప్పందం మీద తీసుకొని, పాత పద్ధతి చెడకుండా బాగుచేసి, యాత్రికుల బసలుగా నడిపింది. గడువు తీరాక యజమానులకు అప్పగించింది. ఆలోచన మెచ్చదగినదే. ఇల్లు నిలవాలంటే అందులో దీపం వెలగాలి కదా! అయితే ఆ దీపం ఎవరిదన్న ప్రశ్న తరువాత తలెత్తింది.

గ్రీకు భాషలో ‘క్సేనోస్’ అనే మాటకు పరదేశి అనీ, అతిథి అనీ రెండర్థాలున్నాయి. పరదేశిని కాపాడేవాడు దేవతల రాజైన జియస్ అని ఆ జాతి విశ్వసించింది. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని మన వ్యుత్పత్తి. ఈయా అతిథి మాత్రం నెలల ముందే తిథి నిర్ణయించుకొని, సొమ్ము చెల్లించి మరీ వస్తాడు. వేసవిలో ఒక్క రాత్రి బసకు వందలాది యూరోలు. కొన్నింట వెయ్యి దాటుతుంది. కొండచరియ వైపు వాహనాలు పోవు. అతిథుల పెట్టెలను కూలీలు భుజాన మోస్తూ మెట్లు దిగుతారు. సిమెంటు, ఇటుకలు కంచరగాడిదల మీద వస్తాయి. వాననీటికి ముఖం వాచిన ముంగిళ్లలో ఇప్పుడు ఈతకొలనులు నీలంగా మెరుస్తున్నాయి. సముద్రపు నీటిలోని ఉప్పును తొలగించే యంత్రాగారాలు లేకపోతే ఈ వైభవం సాగదు.

2021 జనగణన ప్రకారం ద్వీప జనాభా పదిహేను వేల పైచిలుకు. ఏటా వచ్చే యాత్రికులు ముప్పై లక్షలకు పైమాటే. 2024 జూలైలో ఒకనాడు ఓడలలో 11,000 మంది దిగుతారని తెలిసి, స్థానిక ప్రతినిధి ఒకరు గ్రామస్థులే తమ రాకపోకలు తగ్గించుకోవాలని ప్రకటించారు. ఆగ్రహం పెల్లుబకడంతో ఆ ప్రకటనను తొలగించవలసి వచ్చింది. 2025 జూలై నుండి వేసవి రద్దీ కాలంలో విహారనౌకలలో వచ్చి ద్వీపంలో దిగేవారికి తలకు ఇరవై యూరోల రుసుము విధించారు. దీని వలన ఖజానాకు ఆదాయం కలుగుతుంది. ఇళ్ల కొరత తీరదు. పాఠశాలకు బదిలీ అయి వచ్చిన ఉపాధ్యాయునికీ, ఆసుపత్రిలో చేరిన వైద్యునికీ అద్దె ఇల్లు దొరకడం గగనం. చలికాలంలో దొరికిన గదిని కూడా యాత్రికుల కాలం రాగానే ఖాళీ చేయవలసి వస్తుంది. పక్కలు పరిచే పనివారి సంగతి చెప్పనక్కరలేదు. ఒకనాడు క్రింది వాలున గుహలో బ్రతికిన శ్రమజీవికి నేడు ఆ గుహలోనూ తావు లేదు.

2025 జనవరి చివర భూమి మళ్లీ కదిలింది. సాంతోరినికి, అమోర్గోస్ ద్వీపానికి నడుమ వారాల తరబడి వేలాది ప్రకంపనలు వచ్చాయి. ఫిబ్రవరిలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పదివేల మందికి పైగా జనం ఓడలు, విమానాలు ఎక్కి వెళ్లిపోయారు. బడులు మూతపడ్డాయి. ప్రాణనష్టం జరగలేదు. ఆ రోజులలో అధికారులు ఇచ్చిన జాగ్రత్తలలో ఒకటి విచిత్రంగా తోచవచ్చు: కొలనులలోని నీటి బరువు కంపన సమయంలో కట్టడాలకు ముప్పు తేగలదు కనుక, నీటిని వెంటనే తోడివేయండి అని. యాత్రికులు లేని ఆ చలికాలపు ఊరిలో నిలిచిపోయిన కొద్దిమంది కొలనులు ఖాళీ చేశారు.