సమాచార యుగం – నాలుగు నైతిక ప్రశ్నలు

సమాచార సాంకేతికతను రూపొందించడంలో, వినియోగించడంలో ఏది సమంజసం, ఏది కాదు అని విచారించే అనువర్తిత నీతిశాస్త్ర శాఖను కంప్యూటర్ నైతికత అంటారు. పోటీ పరీక్షల్లోని పాలనాశాస్త్రం, రాజ్యాంగం, శాస్త్ర సాంకేతికం, నీతిశాస్త్రం పేపర్లన్నింటికీ ఈ అంశంతో సంబంధం ఉంది.

నేపథ్యం

- 1950లో అమెరికా గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ స్వయంచాలక యంత్రాలు సమాజంపై చూపే ప్రభావాన్ని గ్రంథరూపంలో చర్చించాడు.
- 1970ల మధ్యలో వాల్టర్ మానర్ ‘కంప్యూటర్ ఎథిక్స్’ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు.
- 1985లో జేమ్స్ మూర్ ‘విధాన శూన్యత’ భావనను ప్రతిపాదించాడు. కొత్త సాంకేతికత కొత్త అవకాశాలను కల్పిస్తుంది. వాటిని ఎలా వాడాలో చెప్పే నియమాలు మాత్రం అప్పటికి ఉండవు. ఈ ఖాళీయే విధాన శూన్యత.
- భారత్‌లో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ (వి.ఎస్.ఎన్.ఎల్.) ద్వారా ప్రారంభమయ్యాయి. సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. సమగ్ర వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. అంటే వ్యక్తిగత సమాచార రక్షణకు సమగ్ర చట్టం లేని విధాన శూన్యత 28 ఏళ్లు కొనసాగింది.

వర్గీకరణ

1986లో రిచర్డ్ మేసన్ సమాచార యుగపు నైతిక సమస్యలను నాలుగుగా విభజించాడు. ఆంగ్ల పదాల తొలి అక్షరాలను కలిపి దీనిని ‘పాపా’ నమూనా అంటారు.

1. గోప్యత: వ్యక్తి తన గురించిన ఏ సమాచారాన్ని ఇతరులకు చెప్పకుండా ఉంచుకోవచ్చు?
2. కచ్చితత్వం: సమాచారంలోని తప్పుకు బాధ్యులెవరు? నష్టపోయినవారికి పరిహారం ఎలా?
3. యాజమాన్యం: సమాచారం ఎవరి సొత్తు?
4. అందుబాటు: సమాచారాన్ని పొందే హక్కు ఎవరికి, ఏ షరతులపై ఉంది?

1. గోప్యత

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను సవాలు చేస్తూ 2012లో పిటిషన్ వేశారు. ఈ కేసులో 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఈ హక్కు 21వ అధికరణలోని జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛలలో అంతర్భాగమని పేర్కొంది. గోప్యత హక్కును గుర్తించని ఎం.పి. శర్మ (1954), ఖరక్‌సింగ్ (1962) తీర్పులను ఆ మేరకు తోసిపుచ్చింది.

ఆ తీర్పు ప్రకారం, రాజ్యం గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఆధారంగా ఉండాలి. లక్ష్యం న్యాయసమ్మతం కావాలి. లక్ష్యానికి, జోక్యానికి మధ్య అనుపాతం పాటించాలి. 2018 సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:1 మెజారిటీతో ఆధార్ చట్టాన్ని సమర్థించింది. ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను వినియోగించుకునే వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని మాత్రం కొట్టివేసింది.

2. కచ్చితత్వం

నాలుగింటిలో అభ్యర్థులు తరచూ విస్మరించే అంశం ఇదే. పేదల జీవితాలను అత్యంత ప్రత్యక్షంగా తాకేదీ ఇదే.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వివిధ శాఖల సమాచార నిధులను అనుసంధానించి, పేరు, చిరునామా వంటి పోలికల ఆధారంగా కుటుంబాల ఆర్థిక స్థితిని అంచనా వేస్తుంది. అనర్హుల ఏరివేత దీని ఉద్దేశం. 2014–19 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. కారే లేని ఒక పేద కుటుంబానికి, ఇంటి యజమాని పేరును పోలిన పేరున్న వేరొకరి కారును ముడిపెట్టిన ఉదంతం వెలుగులోకి వచ్చింది. కారు తమది కాదని నిరూపించుకునే భారం ఆ కుటుంబంపైనే పడింది. రద్దయిన కార్డులపై క్షేత్రస్థాయిలో పునఃపరిశీలన జరపాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక్కడ ఉల్లంఘనకు గురైనది సహజ న్యాయ సూత్రం: ఎదుటివారి వాదన వినకుండా వారికి నష్టం కలిగించే నిర్ణయం తీసుకోరాదు. నిర్ణయం యంత్రం చేసినా, సంజాయిషీ చెప్పవలసింది దానిని నియోగించిన అధికార యంత్రాంగమే.

3. యాజమాన్యం

1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్య రచనపై హక్కు రచయిత జీవితకాలం, మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి రచనలను అనుమతి లేకుండా వాడవచ్చా అనేది నేటి వివాదం. ఏఎన్ఐ వార్తాసంస్థ, కృత్రిమ మేధ సంస్థ అయిన ఓపెన్ఏఐపై 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా ఈ అంశానికి సంబంధించినదే.

4. అందుబాటు

- 2016 ఫిబ్రవరి 8: వెబ్‌సైట్‌ను బట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిషేధించింది. ఇది ఇంటర్నెట్ తటస్థతకు పునాది.
- 2020 జనవరి 10: అనురాధా భాసిన్ కేసులో, ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన, వృత్తి వ్యాపారాలకు 19వ అధికరణ రక్షణ ఉందని సుప్రీంకోర్టు తెలిపింది. నిరవధిక నిలిపివేత చెల్లదని స్పష్టం చేసింది.
- 2025 ఏప్రిల్ 30: డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు ప్రకటించింది. ఆన్‌లైన్ గుర్తింపు ధ్రువీకరణ అయిన ఈ-కేవైసీలో మనిషి సజీవంగా ఉన్నట్లు రుజువుకు కెమెరా ముందు కనురెప్పలు ఆర్పవలసి వచ్చేది. యాసిడ్ దాడిలో కళ్లు, ముఖం దెబ్బతిన్నవారికి అది సాధ్యం కాదు. ప్రత్యామ్నాయ పద్ధతులు కల్పించాలంటూ న్యాయస్థానం 20 ఆదేశాలు ఇచ్చింది.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023: ముఖ్యాంశాలు

- పూర్వరంగం: జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ నివేదిక (2018 జులై); 2019 బిల్లు; దాని ఉపసంహరణ (2022 ఆగస్టు).
- రాష్ట్రపతి ఆమోదం: 2023 ఆగస్టు 11. సెక్షన్లు: 44. నియమావళి: 2025 నవంబరు, అమలు దశలవారీగా.
- సమ్మతి (సెక్షన్ 6): స్వచ్ఛందంగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందిగ్ధతకు తావులేకుండా ఉండాలి.
- సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గాని, 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదివే వీలు కల్పించాలి. తెలుగులో చూపమని కోరడం పౌరుని హక్కు.
- వ్యక్తిపై ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం సంపూర్ణంగా, కచ్చితంగా ఉండేలా చూడాలి (సెక్షన్ 8). సవరణ, తొలగింపు కోరే హక్కు సెక్షన్ 12లో ఉంది.
- బాలలు: 18 ఏళ్ల లోపువారు. తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి తప్పనిసరి.
- గరిష్ఠ జరిమానా: రూ. 250 కోట్లు. అప్పీలు: టెలికాం వివాదాల పరిష్కార, అప్పీలు ట్రైబ్యునల్ (టీడీశాట్).

పరిమితులు

- సెక్షన్ 17 కింద కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు లభిస్తుంది.
- జరిమానా సొమ్ము భారత సంఘటిత నిధికి చేరుతుంది. బాధితునికి పరిహారం కల్పించిన ఐటీ చట్టం 43ఎ సెక్షన్‌ను తొలగించే నిబంధన కూడా ఇందులో ఉంది.
- సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) సవరణతో వ్యక్తిగత సమాచార వెల్లడికి అవకాశం కుదించుకుపోయింది.

ప్రాముఖ్యం

గోప్యతపై భారత న్యాయవ్యవస్థ బలమైన సిద్ధాంతాన్ని నిర్మించింది. కచ్చితత్వం, అందుబాటు విషయాల్లో మాత్రం రక్షణ ఎక్కువగా నష్టం జరిగిన తర్వాతే, అదీ కోర్టు మెట్లెక్కిన తర్వాతే లభించింది. వ్యవస్థను అమలు చేయకముందే తప్పుల పరీక్ష, రద్దుకు ముందు నోటీసు, నిర్ణయాన్ని మార్చే అధికారమున్న మానవ అధికారి: ఈ మూడూ ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. మెయిన్స్ సమాధానంలో మేసన్ నాలుగు ప్రశ్నలను వరుసగా ప్రస్తావించి, ఒక్కొక్కదానికి ఒక భారతీయ ఉదాహరణ జోడించి, ఈ మూడు సూచనలతో ముగించాలి.