బండి నిండాకే బండారం బయటపడేది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎస్‌యూవీల మీదే. పికప్ ఉండాలి, ఇంటిల్లిపాదీ పట్టాలి, జేబుకు చిల్లు పడకూడదు అని అందరి కోరికా ఒకటే. మూడూ పూర్తిగా ఒకే బండిలో దొరకవు. దేన్ని ఎంత వదులుకోవాలన్నదే బేరం. కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులు.

*మేం ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మా నాన్న. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆన్‌రోడ్ 18 లక్షలు దాటకూడదు. ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనాలని నా పట్టుదల. ‘ఎర్టిగా తీసుకో బావా, ఎస్‌యూవీ ఎందుకు’ అంటాడు మా బావమరిది. ఎవరి మాట వినాలి?*
– బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

మీ బావమరిది మాట సగం వినండి.

ముందు అమ్మగారి సంగతి. స్కార్పియో-ఎన్ లాంటి బండిని లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ మీద కడతారు. అందువల్ల లోపలి నేల ఎత్తుగా ఉంటుంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో లోపలి పిడి అందుకుని, ఒక కాలు లోపల పెట్టి ఒళ్లంతా పైకి లాక్కోవాలి. దిగేటప్పుడు ఇంకా కష్టం, బరువంతా ఒక్క మోకాలి మీదే పడుతుంది. ఫుట్‌బోర్డు వేయిస్తే కొంత నయమే కానీ, అప్పుడు ఒక మెట్టు బదులు రెండు మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు సీటు నడుము ఎత్తులో ఉండాలి. పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే సరిపోవాలి. ఎర్టిగా, కియా కేరెన్స్ లాంటివి ఈ విషయంలో సుఖం. షోరూమ్‌కు మీరొక్కరే వెళ్లకండి, అమ్మగారిని వెంటబెట్టుకెళ్లి రెండుసార్లు ఎక్కించి దించండి. ఆమె ముఖం చూస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఇక మూడో వరుస. సేల్స్ కుర్రాడు మీట లాగి రెండో వరుస సీటు మడిచి, ‘ఎక్కండి సార్’ అంటాడు. అక్కడ ఎవరు కూర్చుంటారు? మీ పిల్లలే. వాళ్లకిప్పుడు ఎనిమిదో పదో ఏళ్లుంటే సరిపోతుంది. బండిని మీరు ఏడెనిమిదేళ్లు వాడతారు కదా, అప్పటికి వాళ్లు మీకంటే పొడుగవుతారు. అందుకే ఆ సీట్లో మీరే కూర్చుని చూడండి. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయా, ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఆ వరుస దాకా ఉందా అని అడగండి. మూడో ప్రశ్నకు చాలామంది సేల్స్‌మెన్ వెంటనే జవాబు చెప్పలేరు.

సామాను సంగతి షోరూమ్‌లో ఎవరూ ఎత్తరు. మూడు వరుసలూ లేచి ఉన్నప్పుడు ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు, కేరెన్స్‌ది 216. అంటే ఒక పెద్ద సూట్‌కేసు, రెండు చేతి సంచులు. స్కార్పియో-ఎన్‌లో ఆ మాత్రం కూడా మిగలదు. మేడారం జాతరకు ఆరుగురు బయల్దేరితే దుప్పట్లు, స్టవ్వు, బియ్యం ఎక్కడ పెడతారు? దీనికో ఉపాయం ఉంది. మూడో వరుస సీటు సగం సగంగా మడిచే వీలుంటే, ఒక సగాన్ని లేపి ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టి రెండో సగాన్ని మడిచి సామాను పేర్చుకోవచ్చు. ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, వెనక ఒకరు. ఆరుగురి ఇంటికి ఇది చక్కగా కుదురుతుంది. మధ్య వరుసలో విడివిడి కుర్చీలున్న ఆరు సీట్ల మోడల్ తీసుకుంటే మాత్రం ఈ సౌకర్యం పోతుంది. ఆ కుర్చీలు చూడ్డానికి దర్జాగా ఉంటాయి, అంతే.

బావమరిది మాట సగమే వినమన్నాను కదా, రెండో సగం భద్రత గురించి. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎర్టిగాకు పెద్దల రక్షణలో వచ్చింది ఒక్క స్టారు. అదే ఏడాది కేరెన్స్‌కు మూడొచ్చాయి. మూడు స్టార్లు గొప్పేమీ కాదు గానీ, ఇంటిల్లిపాదీ ఎక్కే బండిలో ఆ తేడాకు విలువుంది. మీ స్థానంలో నేనైతే కేరెన్స్ కొంటాను. స్కార్పియో-ఎన్ మీ బడ్జెట్‌లో దొరికినా అట్టడుగు వేరియంట్లే దొరుకుతాయి.

*ఒక లీటరు టర్బో పెట్రోలు ఎస్‌యూవీ టెస్ట్ డ్రైవ్ చేశాను. బాణంలా దూసుకుపోయింది. అదే బండి కొన్న మా తోడల్లుడు మాత్రం ఐదుగురితో అరకు వెళ్తే ఘాట్‌లో ఏడ్చిందంటున్నాడు. ఏది నిజం?*
– వ్యాపారి, కాకినాడ

రెండూ నిజమే. మీరు నడిపింది ఖాళీ బండి, ఆయన నడిపింది నిండిన బండి.

టర్బో అంటే పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితో తిరిగే ఒక పంకా. అది ఇంజిన్‌లోకి గాలిని కుక్కుతుంది. ఇంజిన్ తగినంత వేగంగా తిరిగితేనే ఆ గాలి అందుతుంది. దానికంటే తక్కువలో అది వట్టి ఒక లీటరు ఇంజినే. చదునైన రోడ్డు మీద ఇద్దరితో వెళ్లేటప్పుడు ఆ లోటు తెలియదు. ఐదుగురు, సామాను, ఏసీ, పైగా ఎదుట మలుపు. ముందు ఆర్టీసీ బస్సు నెమ్మదించింది, మీరూ నెమ్మదించారు, ఇంజిన్ చుట్లు పడిపోయాయి. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. మీ తోడల్లుడు చెప్పిన ఏడుపు అదే. గేరు ముందే తగ్గించి మలుపులోకి వెళ్తే సగం సమస్య తీరుతుంది.

బ్రోచర్‌లో అందరూ హార్స్‌పవర్ చూస్తారు. కుటుంబంతో తిరిగేవాళ్లు దాని పక్కనుండే టార్క్ అంకె చూడాలి. అది ఎన్ని చుట్ల దగ్గర వస్తుందో ఇంకా శ్రద్ధగా చూడాలి. ఉదాహరణకు క్రెటానే తీసుకోండి. మామూలు 1.5 పెట్రోలు శక్తి 115 పీఎస్, డీజిల్‌ది 116. కాగితం మీద సమానం. కానీ పెట్రోలు టార్క్ 144 న్యూటన్ మీటర్లు, అదీ 4,500 చుట్ల దగ్గర. డీజిల్ 250, అదీ 1,500 చుట్ల నుంచే. నిండిన బండి ఘాట్ ఎక్కేటప్పుడు ఈ రెండూ వేర్వేరు బండ్లు. అదే క్రెటాలో టర్బో పెట్రోలు 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అది కూడా ఘాట్‌కు భేషుగ్గా పనికొస్తుంది, కాకపోతే ధరా, తాగే పెట్రోలూ రెండూ ఎక్కువే.

ఆటోమేటిక్ తీసుకునే ఉద్దేశం ఉంటే ఒక మాట. చవకైన ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సుకే తగిలించిన మర. ఎత్తు మీద గేరు మార్చేటప్పుడు తూగుతుంది. టార్క్ కన్వర్టర్ రకం ఘాట్లకు నమ్మకమైనది. డ్రై క్లచ్ డీసీటీ హైవే మీద అద్భుతంగా ఉంటుంది గానీ, ఎత్తు మీద ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరపాల్సి వస్తే క్లచ్ వేడెక్కుతుంది.

దిగడం కూడా ఎక్కడమంత ముఖ్యం. నిండు బండితో అరకు నుంచి ఎస్.కోట వైపు దిగుతున్నా, తిరుమల మొదటి ఘాట్ దిగుతున్నా, బ్రేకు మీద కాలు అదే పనిగా ఉంచితే బ్రేకులు కాలి పట్టు తప్పుతాయి. రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేయాలి. న్యూట్రల్‌లో దింపి పెట్రోలు మిగిల్చామనుకునే మహానుభావులు ఇంకా ఉన్నారు. మిగిలేదేమీ లేదు. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి కాలు తీస్తే ఇంధనం సరఫరా ఆపేస్తాయి.

ఈసారి టెస్ట్ డ్రైవ్‌కు నలుగురితో వెళ్లండి. ఏసీ పూర్తిగా పెట్టి, ఫ్లైఓవర్ ఎక్కేచోట బండి ఆపి, మళ్లీ కదిలించి చూడండి. షోరూమ్ వాళ్లు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

*నెలకు 600 కిలోమీటర్లు తిరుగుతాను. అదీ ఎక్కువగా స్కూలు, బజారు. డీజిల్ మైలేజీ ఎక్కువని అందరూ అంటున్నారు. పదేళ్లకే డీజిల్ బండ్లు తీసేస్తారంటున్నారు. తీసుకోవచ్చా?*
– ప్రభుత్వ ఉపాధ్యాయిని, నిజామాబాద్

వద్దు. కానీ పదేళ్ల భయంతో కాదు. ఆ గొడవ ఢిల్లీ ప్రాంతానిది. మన దగ్గర సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు.

లెక్క చూద్దాం. పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలనుకోండి. క్రెటా తరగతి బండి ఊళ్లో పెట్రోలుకు 11, డీజిల్‌కు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం (కంపెనీ చెప్పే అంకె ఊళ్లో రాదు, దాని జోలికి పోకండి). కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 9 రూపాయల 70 పైసలు, డీజిల్ 6 రూపాయల 40 పైసలు. మిగిలేది 3 రూపాయల 30 పైసలు. డీజిల్ బండికి ఆన్‌రోడ్ లక్షన్నర ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి 45 వేల కిలోమీటర్లు తిరగాలి. మీ తిరుగుడుకు ఆరేళ్లు దాటుతుంది. నెలకు రెండు వేలు తిరిగేవాళ్లకు రెండేళ్ల లోపే వస్తుంది.

అంతకంటే పెద్ద సంగతి డీపీఎఫ్. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే జల్లెడ ఒకటి పెడుతున్నారు. పట్టిన మసి కాలాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి, అంటే అప్పుడప్పుడూ హైవే మీద ఏకబిగిన అరగంటైనా పోవాలి. రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఆ మసి పేరుకుపోయి, దీపం వెలిగి, చివరికి బండి సర్వీస్ సెంటర్‌కు చేరుతుంది. మీకు మామూలు పెట్రోలు చాలు. ట్రాఫిక్ బాగా ఎక్కువైతే గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో ఉన్న స్ట్రాంగ్ హైబ్రిడ్ చూడండి. అది ఊళ్లోనే బాగా ఆదా చేస్తుంది, కాకపోతే బ్యాటరీ వల్ల డిక్కీ చిన్నదైపోతుంది.

*సన్‌రూఫ్ లేని బండి వద్దని మా పిల్లల గోల. ఏమంటారు?*
– నెల్లూరు

మే నెల మధ్యాహ్నం నెల్లూరులో దాన్ని తెరిచి చూపించండి, గోల ఆగుతుంది. ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, వెనకసీటు ఏసీ ఉన్న వేరియంట్ వస్తుందేమో చూడండి. పిల్లలు సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టి ఊరేగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

*షోరూమ్ ధర 11 లక్షల 40 వేలు అన్నారు. కొటేషన్ చేతికొచ్చేసరికి 14 లక్షలు దాటింది. ఇదేం లెక్క? ఏడేళ్ల లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోనా?*
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

అందులో సింహభాగం లైఫ్ ట్యాక్స్. బండి ధర శ్లాబును బట్టి దాని శాతం పెరుగుతుంది. అందుకే పది లక్షలకు కాస్త లోపలున్న బండికీ, కాస్త పైనున్న బండికీ ఆన్‌రోడ్‌లో తేడా అనుకున్నదానికంటే ఎక్కువ వస్తుంది. పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. మీకైతే 11,400. అది పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది మరిచిపోతారు.

ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే కట్టాలన్న రూలేమీ లేదు. అదే కవరేజీకి బయట రెండు కొటేషన్లు తెచ్చి ముందు పెట్టండి, ఆ అంకె వెంటనే తగ్గుతుంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. ఇంజిన్ 1500 సీసీ దాటితే ఆ ప్రీమియం రెట్టింపుకు పైగా ఉంటుంది. యాక్సెసరీస్ ప్యాకేజీ, హ్యాండ్లింగ్ ఛార్జీల వంటి వరుసలు కనిపిస్తే, ఏ పనికి ఎంతో విడిగా రాసిమ్మనండి. రాయలేకపోతే కొట్టేయమనండి.

జీఎస్టీ కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి, పొడవు నాలుగు మీటర్ల లోపుండి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ లోపో డీజిల్ 1500 సీసీ లోపో ఉంటే 18 శాతం. మిగతావాటికి 40. పొడవు ఒక్కటే చూస్తే పొరపడతారు. బ్రెజా నాలుగు మీటర్ల లోపే ఉన్నా, దాని ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 40 శాతం కిందికే వచ్చింది. నెక్సాన్, వెన్యూ, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌వో లాంటివి 18 కింద ఉన్నాయి. విద్యుత్ కార్లకు 5 శాతమే, పైగా తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్‌కు అసోసియేషన్ ఒప్పుకుంటుందేమో ముందు కనుక్కుని ఆ వైపు చూడండి.

లోన్ సంగతి. పది లక్షలకు 9 శాతం వడ్డీ అయితే, ఐదేళ్లకు నెలవారీ వాయిదా సుమారు 20,760, ఏడేళ్లకు 16,090. తేలిగ్గా కనిపించే ఏడేళ్లలో మీరు కట్టే వడ్డీ అదనంగా లక్షకు పైనే. ఐదేళ్ల వాయిదా కట్టలేని బండి మీకు పెద్దదన్నమాట. ఒక మెట్టు దిగండి.

*నాలుగేళ్లు వాడిన మిడ్‌సైజ్ ఎస్‌యూవీ తక్కువకు వస్తోంది. బెంగళూరు రిజిస్ట్రేషన్. కొనొచ్చా?*
– విజయవాడ

బెంగళూరు బండయితే అమ్మేవాళ్లు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, మీరు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం కలుపుకుంటే ‘తక్కువకు’ అన్నమాట నిలుస్తుందో లేదో ముందు లెక్క వేసుకోండి. ఫైనాన్స్ తీరిందని బ్యాంకు కాగితంతో పాటు, ఆర్‌సీలోనూ హైపోథికేషన్ తీసేసి ఉండాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు మీ ఊళ్లో ఎన్ని బండ్లను ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. వాటిలో కొన్ని ఊరు మారి తిరిగొస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. పైన రెండు మూరలు శుభ్రంగానే ఉంటుంది, చుట్టలో దాగిన చివరి జానెడు మీద బురద గీత కనిపిస్తుంది. సీట్ల కింది బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నటి ఒండ్రు, హెడ్‌లైట్ల లోపల ఆవిరి చూడండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

పాత ఇన్సూరెన్సు పాలసీ అడిగి నో క్లెయిమ్ బోనస్ వరుస చదవండి. ఒకే యజమాని చేతిలో నాలుగేళ్లు క్లెయిమ్ లేకుండా నడిచిన బండికి అది 45 శాతం ఉండాలి. సున్నా ఉంటే ఎందుకో అడగండి. జవాబు తడబడితే టోకెన్ అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.