కాన్వెంట్ గడప తొక్కే ముందు

ఇంటర్ ఫలితాలు వచ్చాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అమ్మాయిలు ఎక్కువగా అడిగేది నర్సింగ్ గురించి, డీఎస్సీ గురించి. ఎప్పుడో ఒకసారి, మొహమాటపడుతూ ఇంకో ప్రశ్న వస్తుంది: 'నేను సిస్టర్ కావాలంటే ఏం చదవాలి?' ఇంట్లో అడిగితే అమ్మ ఏడుస్తుంది, కాలేజీలో అడిగితే నవ్వుతారు. అందుకే ఈ ప్రశ్నకు మిగతా కోర్సులకు చెప్పినంత సూటిగా జవాబు చెప్పాలి.

కతోలిక మఠకన్యగా, అంటే సిస్టర్‌గా బతకడం ఉద్యోగం కాదు. పాఠాలు చెబుతారు, పేపర్లు దిద్దుతారు, కానీ జీతం మీది కాదు, సంస్థది. ఎయిడెడ్ బడిలో జీతం తీసుకునే సిస్టర్లకూ పన్ను కోత వర్తిస్తుందని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే డబ్బు సంస్థకే వెళ్లినా పాన్ కార్డు మాత్రం మీ పేరునే ఉండాలి. మీకు ఇష్టమైనది బోధన ఒక్కటే అయితే ఇంత దూరం రానక్కర్లేదు. డీఎల్‌ఎడ్ గానీ బీఎడ్ గానీ చేసి టెట్ రాయండి. కాన్వెంట్ బడుల్లో సిస్టర్లు కాని టీచర్లే ఎక్కువమంది ఉంటారు, అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

తేడా తెలిసేది తెల్లవారుజామున. ఐదింటికల్లా లేవాలి. ఉమ్మడి ప్రార్థన, ధ్యానం, పూజ అయ్యాకే టిఫిన్, ఆ తర్వాతే బడి. సాయంత్రం జపమాల, రాత్రి మళ్లీ ప్రార్థన. పరీక్షల కాలమైనా, జ్వరం తగిలి లేచిన మర్నాడైనా అంతే. ఈ వేళలు బడి పనికి అడ్డమనిపించే మనిషికి ఈ జీవితం పొసగదు. ఈ వేళల వల్లే బడిలో ఓపిక మిగులుతోందనిపిస్తే మాత్రం మిగతాది చదవండి.

మన ప్రాంతానికి ఈ ఓపిక అవసరం చాలా ఉంది. 2011 లెక్కల ప్రకారం జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత సగానికి లోపే. రాష్ట్రంలో అదే అట్టడుగు. నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ మొదలైతే ఆడపిల్లల బెంచీలు ఖాళీ అవుతాయి. సాయంత్రం పూల కేసరాలు గిల్లాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. బడి గంట కొట్టే వేళకు పిల్ల చెట్ల వరసల మధ్య ఉంటుంది. ఇక్కడ టీచరమ్మ పని హాజరు పట్టీతో అయిపోదు. ఇంటికి వెళ్లి, నాన్నతో మాట్లాడి, పిల్లను వెంటబెట్టుకుని రావాలి. వలస వెళ్లిన ఇళ్లలోనైతే మాట్లాడటానికి అవ్వ తప్ప ఎవరూ ఉండరు. సొంత సంసారం లేని మనిషికి ఈ తిరుగుడుకు తీరిక దొరుకుతుందన్నది నిజం. ఆ తీరికకు చెల్లించే మూల్యం కూడా నిజమే.

తెలుగు నేలపై ఈ బాట పాతదే. ఇటలీలోని ట్యూరిన్‌లో పుట్టిన సెయింట్ ఆన్స్ సంస్థ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ వచ్చి బడి పెట్టారు. నెదర్లాండ్స్ నుంచి జేఎంజే సిస్టర్లు 1904లో గుంటూరు చేరారు. విజయవాడ మారిస్ స్టెల్లా కాలేజీ వాళ్లదే.

ఇక దారి. ముందు కొన్నాళ్లు అభ్యర్థినిగా కాన్వెంట్‌లో ఉంటారు. ఆ తర్వాత నోవిషియేట్, అంటే మఠ జీవిత శిక్షణ కాలం. 1983 నాటి కతోలిక చర్చి చట్టం ప్రకారం ఇందులో చేరడానికి 17 ఏళ్లు నిండాలి, ఇది కనీసం 12 నెలలు సాగాలి. జ్ఞానస్నాన, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) పత్రాలు అడుగుతారు. 18 నిండాక తొలి మాటపట్టు, అంటే మూడు వ్రతాలు: కన్యాత్వం, పేదరికం, విధేయత. ఇది తాత్కాలికం, మూడేళ్లకు తక్కువ కాకుండా ఉంటుంది. నిత్య మాటపట్టుకు 21 నిండాలి. అంతకుముందే ఆస్తిపాస్తుల గురించి వీలునామా రాయాలి. తాత్కాలిక మాటపట్టు గడువు తీరాక వద్దనుకుంటే వెళ్లిపోవచ్చు, అది తప్పు కాదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి: చేసిన సేవకు ప్రతిఫలం అడిగే హక్కు ఉండదు. వెళ్లేవాళ్లను సంస్థ న్యాయంగా, దయగా చూడాలని మాత్రమే చట్టం చెబుతుంది.

అందుకే డిగ్రీ పూర్తి చేశాకే చేరమంటాను. ఇంటర్ కాగానే చేరేవాళ్లున్నారు, చదివించే సంస్థలూ ఉన్నాయి. అయినా పట్టా చేతిలో ఉన్న అమ్మాయి ఉండిపోయినా, తిరిగొచ్చినా తన ఇష్టంతోనే ఆ పని చేస్తుంది. బోధనకు పంపుతారని తెలిస్తే ఏ తరగతులకో కూడా కనుక్కోండి. ప్రాథమిక తరగతులకు బీఎడ్ చెల్లదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పాలంటే డీఎల్‌ఎడ్ కావాలి, దానికి డీఈఈసెట్ రాయాలి. పై తరగతులకైతే ఎడ్‌సెట్ రాసి బీఎడ్ చేయాలి.

మీ విచారణ (పారిష్) గురువులతో మాట్లాడండి. వేసవి సెలవుల్లో కొన్ని రోజులు కాన్వెంట్‌లో ఉండి చూడండి, అమ్మానాన్నలనూ ఒకసారి తీసుకెళ్లండి. మదర్ సుపీరియర్‌ను మొహమాటం లేకుండా అడగండి: నా చదువు సంగతేమిటి? ఏ రాష్ట్రానికైనా పంపుతారా? నాన్నకు జబ్బు చేస్తే ఎన్నాళ్లు ఇంటి దగ్గరుండొచ్చు? మధ్యలో ఆగిపోతే సర్టిఫికెట్లు వెంటనే ఇస్తారా? ఈ ప్రశ్నలకు నొచ్చుకోకుండా, దాచకుండా జవాబు చెప్పే సంస్థలోనే చేరండి.