పాత దాగలి, కొత్త కొలిమి – వెల్డింగ్‌కు ముందు తెలుసుకోవలసిన సంగతులు



నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. ఇనుము గురించి పాఠం చెప్పడానికి ఈయనకేమి అర్హత అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. తుంగభద్ర కాలువ కింద మా క్యాంపులో నాకు బాగా తెలిసిన ఒక ఆచారిగారి దాగలి ఒకసారి చెడిపోయి, తరువాత బాగుపడింది. రెండు పనులూ దగ్గరుండి చూశాను. రెండోసారి చేతిలో నోటుబుక్కు కూడా ఉంది. ఐ.టి.ఐ.లో వెల్డింగ్ నేర్పి రిటైరైన ఒక మాస్టారు చెబుతుండగా రాసుకున్న సంగతులే ఇవి.

దాగలి అంటే తెలియని పిల్లలు ఇప్పుడు ఎక్కువ. ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే బరువైన దిమ్మె. కొన్ని ఊళ్ళలో దాయి అంటారు. కన్నడంలో అడిగల్లు, తమిళంలో పట్టడై. ఆచారిగారి దాగలి కొమ్ము ఉన్న ఇంగ్లీషు రకం, ఆయన తండ్రి వేలంలో కొన్నది. కొడవళ్ళు, పారలు, గొడ్డళ్ళు, ఇప్పుడు ట్రాక్టరు కల్టివేటర్ల నాగళ్ళు, అన్నీ దాని మీదే. ఆ ఇంటి బియ్యం, అబ్బాయి డిప్లొమా ఫీజు కూడా దాని మీదినుంచే.

దాని ముందు అంచు నాలుగు అంగుళాల మేర పెచ్చులూడింది. అబ్బాయి మెకానికల్ రెండో సంవత్సరం. ఉత్సాహంకొద్దీ టౌనులో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాడు. వారు గేట్లకు, కిటికీలకు వాడే మామూలు రాడ్డుతో అరగంటలో నింపి, గ్రైండర్‌తో నున్నగా చేసి పంపారు. చూడటానికి అద్దంలా ఉంది. ఎనిమిదో రోజున ఆ వెల్డింగ్ ఊడింది. తాను ఊడటమే కాదు, పక్కనున్న మంచి ఉక్కును కూడా ఒక ముక్క పట్టుకుపోయింది.

ఎందుకలా జరిగింది? ఆ కాలపు దాగళ్ళలో చాలావాటికి ఒళ్ళు మెత్తని ఇనుము, పైన అతికింది గట్టి ఉక్కు పలక. ఆ పలకలో కార్బన్ ఎక్కువ. చల్లగా ఉన్న పెద్ద దిమ్మె మీద చిన్న వెల్డింగ్ పెడితే, ఆ వేడిని దిమ్మె క్షణంలో లాగేసుకుంటుంది. ఎర్రగా కాల్చిన ఉలిని నీళ్ళలో ముంచినట్టే లెక్క. వెల్డింగ్ పక్కనున్న ఉక్కు గాజులా పెళుసెక్కి లోపల బీటలు వారుతుంది. రాడ్డు చెమ్మగా ఉంటే ఆ చెమ్మలోని హైడ్రోజన్ బీటలను ఇంకా పెంచుతుంది. ఆ వర్క్‌షాపువారి చేతిలో పనితనం లేక కాదు, దిమ్మెను ముందుగా వేడి చేయకపోవడం వల్ల వచ్చిన నష్టం.

ఆచారిగారికి మనసు విరిగింది. ఫీజు గడువు దగ్గరపడింది. పాత ఇనుము వ్యాపారి వచ్చి చూసి, "డెబ్బై కిలోలు ఉంటుంది, కిలో 35 చొప్పున 2,450 ఇస్తాను" అన్నాడు. తూకం లేకుండా లెక్క చెబితే నాకు నిద్రపట్టదు, ఇది ఉద్యోగపు జబ్బు. కిరోసిన్, బ్రష్షు తెచ్చి దాగలి పక్క తోమాను. తుప్పు కింద మూడు అంకెలు విడివిడిగా కనిపించాయి: 1, 2, 10.

పాత ఇంగ్లీషు దాగళ్ళ మీద ఇది బరువు గుర్తు. మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కొక్కటి 112 పౌండ్లు. రెండోది అందులో నాలుగో వంతులు, ఒక్కొక్కటి 28 పౌండ్లు. మూడోది మిగిలిన పౌండ్లు. అంటే 112, 56, 10 కలిపి 178 పౌండ్లు. పౌండుకు 453.6 గ్రాముల చొప్పున 80 కిలోల 740 గ్రాములు. వ్యాపారి చెప్పిన ధరకే 2,826 రూపాయలు రావాలి. "ఆచారిగారూ, ఇంట్లోనే 376 రూపాయలు పోగొట్టుకుంటున్నారు, ఇక కొత్తది కొనాలంటే ఎంతవుతుందో అడిగారా?" అన్నాను. ఆయన వ్యాపారిని పంపించేశారు.

తరువాత మాస్టారు వచ్చారు. ఆయన మొదట రాడ్డు తీయలేదు, బేరింగ్ గుండు తీశారు. దాగలి మీద స్కేలు నిలబెట్టి, అంగుళం గుండును పది అంగుళాల ఎత్తునుంచి వదిలారు. అది ఎనిమిది అంగుళాలు ఎగిరితే పైతలం గట్టిగా ఉన్నట్టు. సగం కూడా లేవకపోతే పోత ఇనుము అయినా కావాలి, పైపలక మెత్తబడి అయినా ఉండాలి. మధ్యలో ఎనిమిది వచ్చింది, విరిగిన అంచు దగ్గర ఏడు. మొత్తం పోత ఇనుపదైతే వెల్డింగ్ ఖర్చు దండగ అని ఆయన మాట. పైతలం చదునుగా లేదని గ్రైండర్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు. గట్టి పలక మందమే తక్కువ, అరిగిపోతే మళ్ళీ రాదు. చిన్న చిన్న పెచ్చులైతే అంచును ఆకురాయితో గుండ్రంగా రుద్ది వదిలేయాలట. గుండ్రటి అంచు ఇనుమును కోయదు కనుక పనికి ఇంకా మంచిది. మన దాగలికి మాత్రం ఊడిన చోటు లోతుగా ఉంది.

పాత వెల్డింగును, బీటలను పూర్తిగా గ్రైండ్ చేసి తీసేశారు. దాగలి చుట్టూ బొగ్గు నిప్పులు పేర్చి రెండు గంటలకు పైగా నిదానంగా వేడి చేశారు. దిమ్మె అంతా 200 డిగ్రీల సెల్సియస్‌కు రావాలి. ఆ వేడికి కరిగే గుర్తు చాక్‌పీసులు వెల్డింగ్ సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. పైతలం మీద కొంత మెరిసేలా రుద్ది ఉంచారు. అక్కడ లేత గడ్డి రంగు కనబడితే నిప్పు తగ్గించాలి. నీలం రంగు వచ్చిందంటే 300 దగ్గరికి పోయినట్టు, పదును దిగిపోయినట్టు.

అడుగున 7018 రకం రాడ్డు. ప్యాకెట్ మీద రాసినట్టు ఓవెన్లో కాల్చి, వేడిగానే వాడారు. పై పొరకు సుత్తి దెబ్బ తట్టుకునే హార్డ్‌ఫేసింగ్ రాడ్డు. దుకాణంలో అన్నిటికంటే గట్టిదేదో ఇమ్మని అడగకండి. మట్టిలో అరుగుదలకు చేసిన రకాలు దెబ్బకు పెచ్చులు లేస్తాయి. రెండేసి అంగుళాల వరసలు, ప్రతి వరసకూ చిట్టెం కొట్టి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి, వేడి దిగలేదని చూసి తరువాతిది. అయ్యాక పొడి బూడిదలో పూడ్చి మరునాటి దాకా ముట్టుకోలేదు. ఈ చివరి మాట దగ్గరే కుర్రవాళ్ళ ఓపిక తప్పుతుంది.

అబ్బాయి ఇదే ఊపులో కొలిమి కూడా మార్చాడు. తిత్తి తీసి చిన్న బ్లోయర్, దానికి గాలి తగ్గించే తలుపు. గాలిగొట్టానికి జింక్ పూత ఉన్న జి.ఐ. పైపు తెచ్చాడు, మాస్టారు వెనక్కి పంపించారు. ఆ పూత కాలితే వచ్చే పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది. నిప్పుగుంతకు సిమెంటు కాకుండా బంకమట్టి, అది కూడా పూర్తిగా ఆరాకే నిప్పు. సిమెంటులో చెమ్మ ఆవిరై పెచ్చులు పేలతాయి. కొలిమి మీద నీడ ఉండాలి, ఎండలో ఇనుము రంగు తెలియదు. అలాగని నాలుగువైపులా మూయకూడదు, బొగ్గుపొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది. దాగలిని చింతమొద్దు మీద బిగించారు. నిలబడి పిడికిలి వేలాడదీస్తే కణుపులు పైతలాన్ని తాకే ఎత్తు. తండ్రి జీవితమంతా కూర్చుని పని చేసినవారు, కాబట్టి ఎత్తు విషయంలో ఇంట్లో వారం రోజులు మాటలు లేవు! చివరికి ఆయన పాత చిన్న దాయి నేలమీదే ఉండిపోయింది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఐ.టి.ఐ.లో వెల్డర్ కోర్సు ఒక సంవత్సరం, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, తనఖా లేకుండా మొదటి విడత లక్ష వరకు అప్పు, 5 శాతం వడ్డీ, 18 నెలల గడువు అని నిబంధన. తమిళనాడు ప్రభుత్వం దీనిని ఉన్న రూపంలో అమలు చేయలేమని 2024లో తెలియజేసింది కనుక, అక్కడివారు జిల్లా పరిశ్రమల కేంద్రంలో తమ రాష్ట్ర పథకాల గురించి అడగండి. పూర్తి లక్ష తీసుకుంటే నెల వాయిదా సుమారు 5,780 రూపాయలు. కొలిమి మీద అంత మిగలదనుకుంటే తక్కువ తీసుకోండి, బ్యాంకులో అడగటానికి సిగ్గుపడకండి.

బూడిదలోంచి తీసిన మరునాడు అతికిన అంచు మీద గుండు వేస్తే ఏడున్నర అంగుళాలు లేచింది. ఆ అంచు ఇప్పటికీ నిలిచి ఉంది, అబ్బాయి మూడో సంవత్సరం ఫీజు గడువులోనే కట్టారు.

పిల్లలకు ఒక లెక్క. మీ ఊరి కొలిమికి వెళ్ళి, పెద్దవారిని అడిగి, దాగలి పక్కన తోమి చూడండి. 0, 3, 14 అని ఉంటే బరువెంత? మీ జవాబు 44 కిలోల 450 గ్రాములకు దగ్గరగా రావాలి.