సంఘ ఆవరణలో అమ్మకపు దినము

పఠింపవలసిన భాగములు: లేవీయకాండము 19:35–36, లూకా 14:12–14, 28–30, యోహాను 2:13–16, 2 కొరింథీయులకు 8:20–21



వానకాలపు వరి ఇంటికి చేరి, పత్తి ఏరుచుండు దినములలోనే క్రిస్మసు వచ్చుచున్నది. అప్పుడు స్త్రీల సమాజమువారు తమ చేతిపనులను అమ్ముటకు ఒక దినము ఏర్పరచదలచినయెడల, పెద్దలలో ఒక ప్రశ్న పుట్టును. దేవాలయములో అమ్మువారిని ప్రభువు వెళ్లగొట్టెను గదా, మనము సంఘ ఆవరణలో అమ్మవచ్చునా?

అమ్ముటయే పాపమైనయెడల, ఊదారంగు పొడి అమ్మిన లూదియ ఇంట అపొస్తలులు బస చేసియుండరు. ప్రార్థన స్థలమును వర్తకము ఆక్రమించుటయే ప్రభువునకు కోపము పుట్టించెను. కాబట్టి ఆదివారము వద్దు, శనివారము మేలు. గుడి లోపల వద్దు, బయట చెట్లనీడ చాలును.

1. ముందుగా లెక్క. గోపురము కట్టువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను. నెల దినముల ముందే అయిదుగురు కూర్చుండి, ఏ యింటివారు ఏమి తెచ్చెదరో వ్రాసికొనవలెను. పది ఇండ్లవారు సకినాలే తెచ్చినయెడల ఎనిమిది గంపలు తిరిగి ఇంటికే పోవును. ఒకరు సకినాలు, ఒకరు పసుపు, మరియొకరు సిరిసిల్ల వస్త్రము, పొణికి కర్రతో చేసిన నిర్మల్ బొమ్మలు, ఉట్నూరు ప్రాంతపు ఆదివాసి స్త్రీలు చేయునట్టి ఇప్పపూల లడ్డూలు తెచ్చినయెడల చూడవచ్చినవారికి సంతోషము.

2. న్యాయమైన ధర. ఒక సహోదరి సకినాలకు బియ్యము, నువ్వులు, నూనె కలిసి 160 రూపాయలు, కట్టెలకు 20, ఆమె పనికి 60 అనుకొందము. మొత్తము 240. పన్నెండు పొట్లములైనచో ఒక్కొక్కటి 20 రూపాయలు. బేరమాడి 15కు ఇచ్చినయెడల 180 వచ్చును. సరుకు, కట్టెల ఖర్చు తీరినది గాని, ఆమె చెమట ఊరకే పోయినది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయము కట్టబడునప్పుడు కరువు బాధితులు పనిచేసి తిండి సంపాదించుకొనిరి. పనికి విలువ కట్టుట మన ప్రాంతపు సంఘములకు క్రొత్త సంగతి కాదు.

3. సరియైన తూకము. ధర కాగితముపై వ్రాసి పెట్టవలెను. తూకపురాళ్లు అందరి యెదుట ఉండవలెను. ఎరిగినవానికి ఒక ధర, ఎరుగనివానికి ఒక ధర ఉండరాదు.

4. అతిథులు. తిరిగి పిలువలేని బీదలను విందునకు పిలువుమని ప్రభువు సెలవిచ్చెను. కాబట్టి ప్రవేశమునకు రుసుము వద్దు. మంచినీళ్లు, చాయ్ ఊరకే ఇయ్యవలెను. ఇతర మతస్థులైన పొరుగువారిని చుట్టములవలె ఆదరింపవలెను. వారు కొనకపోయినను ముఖము మాడ్చుకొనరాదు. పంట కానుకల వేలము పెట్టినయెడల మరింత జాగ్రత్త అవసరము. పదిమందిలో పరువునకై పాట పెంచి, అప్పుచేసి చెల్లించు పేదవాని పిల్లలకు అది పండుగ కాదు. చేతిలో ఉన్న సొమ్ముకు మించి ఎవరును పాడరాదని ముందే ప్రకటింపవలెను. విధవరాలి సొరకాయకును, ఆసామి వడ్లబస్తాకును ఒకే మర్యాద జరుగవలెను.

5. బహిరంగమైన లెక్క. పౌలు చందాసొమ్మును ఒంటరిగా మోయక, నిందకు తావియ్యకుండ ఇతరులను తోడు తీసికొనెను. అట్లే సొమ్ము ఇద్దరు కలిసి లెక్కింపవలెను. సంఘమునకు రావలసినది ఫోనుద్వారా వచ్చినయెడల సంఘపు ఖాతాలోనే పడవలెను, ఒకరి సొంత ఖాతాలో కాదు. మరుసటి ఆదివారము రాబడి, ఖర్చు, మిగులు చదివి వినిపింపవలెను.

ఆలోచించుటకు:
మన అమ్మకపు దినమున ఎవరు సిగ్గుతో దూరముగా నిలుచుందురు?
మనము బేరమాడునప్పుడు ఎవరి కూలి తగ్గుచున్నది?
మన లెక్కలు పొరుగువారు చూచినను మనకు భయము లేదా?

సాయంకాలమున పెట్టె ఎంత నిండినదని మాత్రమే చూడక, పేద సహోదరి తన గంప ఖాళీచేసికొని, తలయెత్తి ఇంటికి వెళ్లెనా అని చూచుకొందము. ఆ దినము సఫలమైనదో లేదో దానివలన తెలియును.