బాబ్జీకి మామయ్య ఉత్తరం: ఎనభై దగ్గర ఆపు



కొత్త టాబ్లెట్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలనీ, ఆ తర్వాత పూర్తిగా అయిపోయాకే మళ్లీ పెట్టాలనీ షాపతను చెప్పాడట. అతన్ని తప్పు పట్టలేం. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా. అవి ఎప్పుడూ సగంలోనే ఛార్జింగ్ పెడుతుంటే ఆ సగానికే అలవాటు పడిపోయేవి. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాక ఆ లెక్క మారిపోయింది. దానికి బాటలు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడినఫ్‌కు 97 ఏళ్లు! బహుమతి ఆలస్యమైనా వచ్చింది గానీ, షాపుల్లో సలహాలు మాత్రం ఇంకా మారలేదు.

లిథియం బ్యాటరీకి పూర్తిగా ఖాళీ కావడమూ పడదు, నిండుగా కూర్చోవడమూ పడదు. నూరు శాతం దగ్గర ఒక్కో సెల్ సుమారు 4.2 వోల్టుల మీద ఉంటుంది. ఆ ఒత్తిడిలో గంటల తరబడి ఉంటే లోపలి రసాయనాలు మెల్లగా చెడతాయి, వేడి తోడైతే ఇంకా త్వరగా చెడతాయి. 25 డిగ్రీల దగ్గర నిండుగా ఏడాది పాటు వాడకుండా ఉంచిన బ్యాటరీకి 80 శాతం సామర్థ్యమే మిగులుతుందనీ, 40 శాతం నింపి ఉంచితే 96 శాతం దాకా నిలుస్తుందనీ నిపుణుల అంచనా.

ఇక మీ ఊరు. 2024 సెప్టెంబర్‌లో పేరు శ్రీవిజయపురంగా మారినా మామయ్య నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే. అక్కడ ఏడాది పొడవునా దాదాపు 23 నుంచి 31 డిగ్రీలే. మే నెల విజయవాడతో పోలిస్తే స్వర్గమే. కానీ చలికాలం అన్నది లేదు కాబట్టి బ్యాటరీకి చల్లబడే నెలలూ లేవు. ఆపిల్ 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని హెచ్చరిస్తుంది. ఆ 35 బయట గాలిలో రాదు, మనమే తెచ్చిపెడతాం. అబెర్డీన్ బజార్‌లో ఎండన నిలిపిన స్కూటర్ డిక్కీలో వస్తుంది. ఛార్జింగ్ పెట్టి, పైన దిండు పడేసి, ఆపై సినిమా చూస్తే వస్తుంది. రాత్రి తూర్పు కిటికీ దగ్గర పెట్టి పడుకున్నా అంతే, వేసవిలో అక్కడ ఐదింటికల్లా తెల్లారిపోతుంది కదా. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు రెక్సిన్ కవర్ తీసి వెనకవైపు అరచెయ్యి ఆనించి చూడు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి ఆనించలేకపోతే ప్లగ్ తీసెయ్.

శాంసంగ్ అయితే సెట్టింగ్స్‌లో ‘బ్యాటరీ ప్రొటెక్షన్’ ఉంటుంది. కొత్త ఐప్యాడ్లలోనూ 80 శాతం పరిమితి ఉంది. ఆ పరిమితి పెట్టుకుంటే రాత్రంతా ప్లగ్‌లో ఉన్నా ఎనభై దగ్గర ఆగిపోతుంది. మీ ఊరి కరెంటు సంగతి చూడు: ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో లంకె లేదు, ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లదే. ఎన్‌ఎల్‌సీ ఇండియా 20 మెగావాట్ల సోలార్ కేంద్రానికి తోడుగా 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టింది. అంత పెద్ద బ్యాటరీని ఎంతవరకు నింపాలో కంప్యూటరే చూసుకుంటుంది. నీ టాబ్లెట్‌కూ ఆ పని ఆ సెట్టింగే చేస్తుంది.

కరెంటు పోతుందేమోనన్న భయంతో పొద్దస్తమానం నూరు దగ్గరే ఉంచే అలవాటు దీవుల్లో ఉన్నవాళ్లకు సహజం. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడూ, వైజాగ్ ఓడ ఎక్కే ముందూ నిండుగా నింపుకో, తప్పులేదు. మిగతా రోజుల్లో ఇరవైకి తగ్గకముందే పెట్టి ఎనభైకి ఆపితే చాలు. రోజుకు రెండు మూడు సార్లు పెడితే సైకిళ్లు అయిపోతాయని బెంగ వద్దు. ఇవాళ 60 శాతం, రేపు 40 శాతం వాడితే రెండూ కలిపి ఒకే సైకిల్.

వేడి కంటే నాకు మీ ఊరి తేమంటేనే ఎక్కువ భయం. ఏసీ గదిలో చల్లబడిన టాబ్లెట్‌ను బయటికి తెస్తే అద్దం మీద చెమట పట్టినట్టే ఛార్జింగ్ పోర్ట్‌లోనూ తడి చేరుతుంది. దానికి ఉప్పుగాలి తోడైతే పిన్నులకు చిలుము. తేమ ఉందని స్క్రీన్ మీద హెచ్చరిక వస్తే వెంటనే కేబుల్ తీసి, పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాన్ గాలికి అరగంట ఆరనివ్వు. పిన్నీసుతో పొడవకు. మీ అమ్మ బియ్యం డబ్బాలో పెట్టమంటుంది, ఆ ఒక్క మాట వినకు. బియ్యపు నూక లోపలికి పోతుందని ఆపిల్ కూడా వద్దంటోంది.

చివరగా ఒకటి. ఎప్పుడైనా స్క్రీన్ అంచు పైకి లేచినట్టు కనిపించినా, కవర్ సరిగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. నొక్కకు, ఛార్జింగ్ పెట్టకు. ఉబ్బిన బ్యాటరీని విమానంలో తీసుకెళ్లనివ్వరు, కాబట్టి సెలవుల్లో వైజాగ్ తెచ్చి బాగు చేయిద్దామని దాచిపెట్టకు. స్విచ్ ఆపేసి, ఆ రోజే ఊళ్లోని సర్వీస్ సెంటర్‌లో అప్పగించు.

మీ మామయ్య